తరుగు లేని లెక్క

ఆర్మూర్‌లో ఇంటర్ ఫిజిక్స్ తప్పిన పిల్లలకు చివరి దిక్కు శ్రవణ్‌కుమార్. ఇది ఆయన గొప్ప కోసం చెబుతున్న మాట కాదు. ఒకసారి తప్పినవాళ్లు నిజామాబాద్ వెళ్లి ఏసీ గదుల్లో కూర్చుని చెప్పించుకుంటారు. రెండోసారి తప్పినవాళ్లు ఫోన్‌లో వీడియోలను నమ్ముకుంటారు. మూడోసారి కూడా తప్పి, ఇంట్లోవాళ్లు ఇక చదివింది చాలులే అన్న తర్వాత, విత్తనాల దుకాణం మీదున్న ఆయన గదికి మెట్లెక్కుతారు. అందుకే ఊళ్లో ఆయనకు సప్లీ సారు అని పేరు పడింది. ఎదురుగా ఎవరూ అనరు గానీ ఆటోవాళ్లను అడిగితే దారి మాత్రం ఆ పేరుతోనే చెబుతారు.

ఆ పేరు వింటే ఆయనకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు సర్కారు కాలేజీలో గెస్ట్ లెక్చరర్. ఏటా జూన్‌లో పిలిచి మళ్లీ తీసుకునేవాళ్లు, ఒక జూన్‌లో పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఎవరూ చెప్పలేదు, ఎవర్ని అడగాలో కూడా తెలియలేదు. అప్పటి నుంచి ఆయన కోపానికి ఒక చిరునామా లేకుండా పోయింది. కార్పొరేట్ కాలేజీల మీద కొన్నాళ్లు, పిల్లల ఫోన్ల మీద కొన్నాళ్లు, కూరలో ఉప్పు మీద రోజూ. భార్య విజయశ్రీ అంగన్‌వాడీ టీచరు. రోజంతా చిన్నపిల్లల ఏడుపులు విని ఇంటికొచ్చి, మళ్లీ ఈయన గొణుగుడు వినే ఓపిక ఆమెకు ఎక్కడి నుంచి వస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో సాలోమోను తన కూతుర్ని వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కాడు. సాలోమోను మార్కెట్ రోడ్డులో రైతుల పసుపు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణం దగ్గర హమాలి. పసుపు బస్తాలు మోసీ మోసీ చొక్కా, మెడ, చెవుల వెనక సందులు అన్నీ ఒకే రంగుకు వచ్చాయి. కూతురి పేరు సువార్త. ఇంటర్ రెండేళ్లూ అయిపోయాయి, అన్నీ పాసయింది, మొదటి సంవత్సరం ఫిజిక్స్ ఒక్కటే మిగిలింది.

"నిజామాబాద్ల నర్సింగ్ స్కూల్ల సీటు ఉంచిండ్రు సారూ. మా పాస్టరయ్య మాట్లాడిండు. హాస్టల్ గిట్ల అంతా ఆళ్లదే. గని జూన్ ఆఖరు కల్లా పాసైన మెమో చూపెట్టాల్నంట. లేకుంటె వేరేటోళ్లకు ఇస్తరట" అన్నాడు సాలోమోను.

"ఎన్నిసార్లు తప్పింది?"

సాలోమోను కూతురి వైపు చూశాడు. కూతురు నేల వైపు చూసింది.

"ఈసారి పోతె మళ్లొచ్చే ఏడు రాయొచ్చు గద" అన్నాడు శ్రవణ్‌కుమార్. అందరూ అనే మాటే.

"వాళ్ల అక్క గట్లనే అన్నది సారూ, వచ్చే ఏడు రాస్త అని. ఇప్పుడు అంకాపూర్ల మక్కకంకులు ఒలుస్తున్నది" అన్నాడు సాలోమోను. అందులో ఫిర్యాదు లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

శ్రవణ్‌కుమార్‌కు ఆశ కలగలేదు. ఆయన దగ్గరికి వచ్చే పిల్లల్లో పాసయ్యేవాళ్లు తక్కువ, పాసయి మళ్లీ కనపడేవాళ్లు ఇంకా తక్కువ. ఈ పిల్ల ముఖం చూస్తే ఆ తక్కువ లెక్కలో కూడా పడేలా లేదు. సరే, రమ్మను అన్నాడు. వద్దు అనడానికి కూడా ఒక కారణం కావాలి కదా.

పాఠం మొదలైన రెండో రోజుకే ఆయనకు ఆశ్చర్యం వేసింది. పిల్లకు అన్నీ వచ్చు. సూత్రాలు వచ్చు. న్యూటన్ నియమాలు అడిగితే ఆగకుండా చెప్పింది. పైకి విసిరిన రాయి ఎక్కడ ఆగుతుందో, ఆగిన క్షణంలో వేగం ఎందుకు సున్నా అవుతుందో, త్వరణం ఎందుకు సున్నా కాదో సరిగ్గా చెప్పింది. ఇది చాలామందికి రాదు. మరి తప్పిందెట్లా?

లెక్క ఇచ్చాడు. యాభై కిలోల బస్తాను రెండు మీటర్ల ఎత్తుకు ఎత్తితే చేసిన పని ఎంత? గురుత్వ త్వరణం పది అనుకో. బస్తా బరువును పదితో గుణించి, ఎత్తుతో గుణిస్తే వెయ్యి జౌళ్లు. మూడో తరగతి పిల్లవాడు చేసే గుణకారం.

సువార్త తొమ్మిది వందల ఎనభై అని రాసింది.

"మళ్ల చెయ్యి."

మళ్లీ తొమ్మిది వందల ఎనభై.

ఇంకో లెక్క ఇచ్చాడు. రెండు కిలోల రాయి ఇరవై మీటర్ల ఎత్తు నుంచి పడుతోంది. పైన దాని స్థితిజశక్తి నాలుగు వందల జౌళ్లు. నేలను తాకేటప్పుడు అదంతా గతిజశక్తిగా మారుతుంది. శక్తి నిత్యత్వ నియమం. కనుక కిందికి వచ్చేసరికి ఎంత? నాలుగు వందలే. మారింది, పోలేదు.

సువార్త మూడు వందల తొంభై రెండు అని రాసింది.

"గా ఎనిమిది ఏడికి పోయింది?" అని అరిచాడు.

సువార్త బెదిరిపోయి పెన్ను మూత పెట్టింది. ఆ రోజు ఇంటికి వెళ్లి శ్రవణ్‌కుమార్ అన్నం ముందు కూర్చుని కూడా అదే గొణిగాడు. ఎనిమిది జౌళ్లు. ఎక్కడికి పోతాయి?

"నువ్వు అరిస్తె పిల్లలకు నోట్ల మాట ఉంటదా? జర నిమ్మళంగ అడగరాదు?" అంది విజయశ్రీ.

"నిమ్మళంగ అడిగేటంత టైం లేదు. పరీక్ష నెత్తిమీదికి వచ్చింది."

"పరీక్ష ఆ పిల్లకా, నీకా?"

మజ్జిగ పలచగా ఉందన్నాడు ఆయన.

తర్వాత రోజు సువార్త రాలేదు. మరునాడూ రాలేదు. ఈయనకు కోపం వచ్చి, కోపంతో పాటు కొంత దిగులు కూడా వచ్చి, స్కూటర్ తీసి మార్కెట్ రోడ్డుకు బయలుదేరాడు. అడ్తి దుకాణం ముందు పసుపు కుప్పలు. గాలి వీచినప్పుడల్లా ఆ దుమ్ము లేచి కళ్లలో పడుతోంది. హమాలీలు బస్తాలు కుట్టి కాంటా మీద పెడుతున్నారు. కాంటా పక్కన ఒక స్టూలు మీద సువార్త కూర్చుంది.

ఆమె పని అరవడం. వంగి బస్తా మోస్తున్న మనిషికి కాంటా మీద ఎర్ర అంకెలు కనపడవు. ఆమె చూసి గట్టిగా చెబుతుంది, లోపల సేటు వింటాడు. చిన్నప్పటి నుంచీ సీజన్‌లో ఆ స్టూలు ఆమెదే. రెండు రోజులుగా సరుకు ఎక్కువొచ్చి సేటు పిలిపించాడట.

కాంటా మీద యాభై పడింది.

"నలభై తొమ్మిది!" అని అరిచింది సువార్త.

మళ్లీ ఒక బస్తా. మళ్లీ యాభై.

"నలభై తొమ్మిది!"

స్కూటర్ స్టాండు వేయడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు శ్రవణ్‌కుమార్. సాలోమోను ఆయన్ని చూసి తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు.

"యాభై ఉంటె నలభై తొమ్మిది అంటదేంది?" అని అడిగాడు శ్రవణ్‌కుమార్.

"తరుగు సారూ. గోనె బరువు, మట్టి, తేమ. యాభైకి ఒకటి. అందరు తీసేదే." సాలోమోను ఆయన ముఖంలోకి వింతగా చూశాడు. "తరుగు తియ్యకుంట కాంటా ఏడన్న ఉంటదా సారూ?"

సువార్త తల తిప్పి సార్‌ని చూసింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు ముఖం పెట్టింది. యాభైకి ఒకటి, నాలుగు వందలకు ఎనిమిది. ఆ ఎనిమిది జౌళ్లు ఎక్కడికి పోయాయో ఆయనకు అప్పుడు తెలిసింది. నవ్వు వచ్చింది. ఎన్నో నెలల తర్వాత ఆయన మనస్ఫూర్తిగా నవ్వాడు. హమాలీలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు.

మరునాడు గదిలో సువార్త అసలు సంగతి చెప్పింది. కావాలని చేసేది కాదట. చేతికి అట్లా అలవాటైందట. ఎంత ఉంటే అంతా చేతికి రావడం ఆమె ఎక్కడా చూడలేదట.

"పైన నాలుగు వందలు ఉంటె కింద నాలుగు వందలే ఎట్ల ఉంటది సార్? దారిల ఏదో ఒకటి పోతది గద" అంది.

ఇక్కడ ఒక మంచి మాస్టారు కూర్చుని చెప్పాల్సిన సంగతి ఉంది. గాలి, ఘర్షణ, వేడి, చప్పుడు వీటిల్లోకి శక్తి పోతుంది, ప్రశ్నలో పోయిందని చెబితే తీసెయ్యాలి, చెప్పకపోతే తీసెయ్యకూడదు అని నెమ్మదిగా, నాలుగు ఉదాహరణలతో చెప్పాలి. శ్రవణ్‌కుమార్ మంచి మాస్టారే. ఒకప్పుడు అట్లాగే చెప్పేవాడు. కానీ ఏళ్ల తరబడి సప్లీ పిల్లలతో వేగిన మనిషి, వాళ్లకు వివరం చెబితే ఉన్నదీ కలగాపులగం అవుతుందని తేల్చుకుని ఉన్నాడు. పైగా పరీక్ష దగ్గరపడింది.

"ఇగో బిడ్డా, పుస్తకంల తరుగు ఉండది. కాంటా ఉండది, సేటు ఉండడు. ఎంత ఉంటె అంత. ఒక్క గ్రాము తియ్యొద్దు, ఒక్క జౌల్ తియ్యొద్దు. పేపర్ తయారుచేసేటోళ్లు నీ అసొంటోళ్లను పడగొట్టేటందుకే గాలని, ఘర్షణ అని ఏదేదో రాస్తరు. గటుదిక్కు చూడనే చూడకు."

"ఏం తియ్యొద్దా సార్?"

"ఏం తియ్యొద్దు. ఒట్టు పెట్టు."

సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టింది.

ఆ తర్వాత లెక్కలు గడగడా రావడం మొదలుపెట్టాయి. కొండ మీద నుంచి జారిన బండి, ఊగే లోలకం, భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహం. జవాబు చివర గీత గీసే ముందు ఆమె పెన్ను ఒక క్షణం ఆగేది. చెయ్యి ఏదో తీసెయ్యాలని చూస్తుంటే బలవంతంగా ఆపుకునేది. శ్రవణ్‌కుమార్ బల్ల మీద వేలితో కొట్టేవాడు. ఆమె గీత గీసేసేది. జవాబు సరిగ్గా ఉండేది. ఆయనకు ఆశ కలిగింది. అదే ఆయన చేసిన తప్పని అప్పుడు తెలియదు. ఆశ పుట్టాక మనిషి తను చెబుతున్నది మరోసారి సరిచూసుకోడు.

ఒకరోజు వెళ్లబోతూ సువార్త అడిగింది. "సార్, గా నర్సింగ్ స్కూల్ల ఫిజిక్స్ ఉంటదా?"

"ఉంటె భయమా?"

"లేదు సార్. ఇప్పుడు మంచిగనే ఉన్నది. ఏం పోదు గద." నవ్వుతూ మెట్లు దిగిపోయింది. ఆ నవ్వు చూశాక శ్రవణ్‌కుమార్ ఆ సాయంత్రం ఇంట్లో ఏ కూరకూ వంక పెట్టలేదు. విజయశ్రీ జ్వరమేమో అని నుదురు తాకి చూసింది.

పరీక్ష రోజు ఆయన సెంటర్ గేటు ముందు నిలబడ్డాడు. ఎవరి పరీక్షకూ అట్లా వెళ్లి నిలబడిన మనిషి కాదు. ఎండ చంపేస్తోంది. గంట కొట్టాక పిల్లలు బయటికి వచ్చారు, కొందరు ఏడుస్తూ, కొందరు ఫోన్లు తీస్తూ. సువార్త పరుగెత్తుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మస్తు రాసిన సార్! అన్ని రాసిన. ఒక్కటి గుడ తియ్యలె."

"శాబాష్. ఏం లెక్కలొచ్చినయ్?"

"బంతి లెక్క వచ్చింది సార్. నన్ను పడగొడదామని చూసిండ్రు. మీరు చెప్పినట్లే, తీసెయ్యుమని ఆశ పెట్టిండ్రు. నేను అటు చూడనే లేదు." ప్రశ్నపత్రం చేతికిచ్చింది.

శ్రవణ్‌కుమార్ చదివాడు. పది మీటర్ల ఎత్తు నుంచి ఒక బంతిని వదిలారు. నేలను తాకినప్పుడు అది తన శక్తిలో నలభై శాతం కోల్పోయింది. తిరిగి ఎంత ఎత్తుకు లేస్తుంది?

"ఎంత రాసినవ్?"

"పదే సార్! ఎంతకెళ్లి వస్తె గంతకే పోతది. శక్తి ఏడికీ పోది గద."

ఆయన చేతిలో కాగితం తడిసింది, చెమటకు. నలభై శాతం పోతే మిగిలేది అరవై శాతం. ఆరు మీటర్లు. ఎవరైనా చేసే లెక్క. ఈ పిల్ల అందరికన్నా ముందు చేసే లెక్క. పోయింది అని పత్రంలో అచ్చేసి చెబితే కూడా పోనివ్వకుండా ఆపింది తను.

చెప్పాలనుకున్నాడు. కానీ ఆ వెలుగు ముఖం చూసి నోరు రాలేదు.

"మంచిగ రాసినవ్ బిడ్డా" అన్నాడు.

ఆ అబద్ధం మోస్తూ ఆయన ఫలితాల దాకా బతికాడు. మిగతా ప్రశ్నలు బాగా రాసి ఉంటుంది, గట్టెక్కుతుందిలే అనుకునేవాడు. ఆ వెంటనే, అట్లా గట్టెక్కేదయితే తన దగ్గరికెందుకొస్తుంది అనిపించేది. విజయశ్రీకి చెప్పాడు. ఆమె "ఆ పిల్లకు చెప్పినవా?" అని మాత్రం అడిగింది.

తొలకరి పడ్డ వారంలో ఫలితాలు వచ్చాయి. సువార్త తప్పింది. తక్కువ పడినవి రెండు మార్కులు. ఆ బంతి లెక్కకు ఉన్నవి నాలుగు.

సాలోమోను వస్తాడని, తిడతాడని శ్రవణ్‌కుమార్ ఎదురుచూశాడు. తిడితే బాగుండేది. సాలోమోను ఫోన్ చేశాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సారూ. మీరు బాగ కష్టపడ్డరు. పిల్లదే తప్పు. ఏడనో పాత అలవాటు కొద్ది తరుగు తీసేసి ఉంటా అని ఏడుస్తున్నది. సారు మొఖం ఎట్ల చూడాలె అంటున్నది. సీటు ఇంకెవలకో ఇచ్చిండ్రంట, పాస్టరయ్య చెప్పిండు. ఆమెను వాళ్లమ్మ ఎంట అంకాపూర్ల పసుపు దుంపలు పెట్టనీకి తోలిచ్చిన."

ఆ మాట తర్వాత ఆయనకు ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. పిల్ల తన తప్పు కాని తప్పును తన తప్పనుకుని ఏడుస్తోంది. కనీసం అదైనా తీసెయ్యాలి. స్కూటర్ మీద అంకాపూర్ వైపు వెళ్లాడు. రోడ్డు పక్క చేనులో ఆడవాళ్లు వరసగా వంగి సాళ్లలో పసుపు దుంపలు పెడుతున్నారు. సువార్త తల్లి ఎంకవ్వ ముందు సాలులో ఉంది. సువార్త ఆమె వెనక.

ఆయన్ని చూసి సువార్త బుట్ట కింద పెట్టి గట్టు దగ్గరికి వచ్చింది. చేతులకు బురద. తల ఎత్తలేదు.

"తప్పు నాది సార్. ఒట్టు పెట్టి గుడ ఏడనో తీసేసిన."

"నువ్వేం తియ్యలె" అన్నాడు శ్రవణ్‌కుమార్. "గదే వచ్చింది తిప్పలు. గా బంతి లెక్కల తియ్యాలె. పోయిందని వాళ్లే చెప్పిండ్రు గద, అప్పుడు తియ్యాలె. నేనే నీకు తప్పు చెప్పిన. గేటు కాడ్నే నాకు తెలిసింది. చెప్పలేకపోయిన."

సువార్త తలెత్తి చూసింది. కోపం వస్తుందేమో అని ఆయన ఎదురుచూశాడు, రాలేదు. ఆమె మనసులో లెక్క చేసుకుంటోంది.

"అయితె ఆరు మీటర్లా సార్?"

"ఆరు."

బురద చేతుల్ని కొంగుకు తుడుచుకుంది. ఇంకా తుడుచుకుంటూనే ఉంది.

"ముందుగాల ఆరే రాసిన సార్. గీత గుడ గీసిన. మీరు యాదికొచ్చిండ్రు. గందుకే కొట్టేసి పది పెట్టిన."

వచ్చే ఏడు గురించి ఏదో అనాలని శ్రవణ్‌కుమార్‌కు నోటిదాకా వచ్చింది, రానివ్వలేదు.

"సువార్తా, నీ సాలు ఎనుకబడ్డది" అని ఎంకవ్వ కేకేసింది.

"వస్తున్న" అని సువార్త బుట్ట ఎత్తుకుని చేనులోకి వెళ్లింది.